ఫోన్‌లో అమ్మాయి లేని మూడు వారాలు

అమెరికాలో గొడవొస్తే ఏకంగా ప్రభుత్వాన్నే మూసేస్తారట. మా సిడ్నీలో అంత ఆర్భాటం లేదు. జీతాల పేచీతో సర్కారు ఉద్యోగులు సమ్మెకి దిగితే, అత్యవసర సేవలు మాత్రం నడుస్తాయని పైవాళ్ళు ఒక మెసేజ్ పంపి ఊరుకున్నారు. ఏది అత్యవసరమో తేల్చేదీ వాళ్ళే. ఆసుపత్రి ముందు కార్లకి ఫైన్లు రాసే ఆయన అత్యవసరం. ఆసుపత్రి లోపల తెలుగు ఇంటర్‌ప్రెటర్ కాదు.

సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో మా ఇంట్లో ఉండేది నేనూ అమ్మా, ఇద్దరమే. నాకు పెళ్ళెందుకు కాలేదో పక్కపేట క్వేకర్స్ హిల్‌లో తెలుగు ఆంటీలని అడగండి, నాకంటే వివరంగా చెబుతారు. అమ్మకి ఒంట్లో రక్తం బాగా తగ్గిందని మా డాక్టరు పెద్దాసుపత్రికి రాశాడు. అక్కడ ఫోన్ స్పీకర్లో పెడితే, ఎక్కడినుంచో ఒక తెలుగు మనిషి రోగి మాట డాక్టరుకీ, డాక్టరు మాట రోగికీ చెబుతారు. ఆ సంగతి విన్న దగ్గర్నుంచి అమ్మది ఒకటే గోల.

"ఆడపిల్లేనా? గట్టిగా కనుక్కున్నావా? మగాడైతే నేను రాను."

"అబ్బబ్బ! ఆడపిల్లేనటమ్మా!"

అప్పటికి కొన్ని నెలలుగా ఇంట్లో దీపం పెట్టే ఉద్యోగం కూడా నాకే పడింది. మోకాళ్ళ నొప్పులు, వంగలేకపోతున్నాను, నువ్వే పెట్టరా అంది అమ్మ. అదే మనిషి పెరట్లో గోంగూర మడి ముందు గంటసేపు గొంతుక్కూర్చునేది. ఆ తేడా నా కంటికి ఆనలేదు. పక్కవాడి కోడ్‌లో తప్పులు పట్టి బతికే సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని మరి.

తీరా వెళ్ళిన రోజు, కౌంటర్లో అమ్మాయి సమ్మె కబురు చెప్పింది. ఇంటర్‌ప్రెటర్లు లేరు, వాయిదా వేసుకోండి, లేదా ఇంట్లోవాళ్ళు చెప్పినా సరే అంది.

"నో వర్రీస్, నేనున్నాగా!" అన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పోనీ, ఆ ఫోన్ అమ్మాయి ఉన్నప్పుడే వద్దాంరా."

"ఏం, నాకు తెలుగు రాదా? హాఫ్ డే లీవ్ పెట్టి వచ్చానమ్మా!"

ఎక్కడినుంచైనా రక్తం పోతోందా అని అడిగింది డాక్టరమ్మ. నేను ముక్కు, పళ్ళు, విరేచనం అంటూ పేరుపేరునా అడిగాను. ఒక్కటి తప్ప అన్నీ అడిగాను. అమ్మ నేలకేసి చూస్తూ, "లేదు. కాస్త నీరసం, అంతే" అంది. దానికి నేను, వయసు అరవై ఎనిమిది కదా అని సొంత వ్యాఖ్యానం కూడా జోడించాను. ఐరన్ మాత్రలు రాసి మూడు నెలల తర్వాత రమ్మన్నారు. బయటికొచ్చేసరికి కారు అద్దం మీద ఫైన్ కాగితం. ప్రభుత్వం చక్కగా పనిచేస్తోందనడానికి అంతకంటే రుజువేం కావాలి?

ఆ తర్వాత రోజూ పొద్దున్నే కాఫీ ఇస్తూ, "ఆ అమ్మాయి వచ్చిందటరా?" అని అడిగేది. "ఏంటమ్మా, చుట్టరికం కలుపుకుంటావా?" అని ఏడిపించేవాణ్ణి. మూడు వారాలకి సమ్మె ముగిసింది. అమ్మ పోరు పడలేక ఫోన్ చేస్తే, ఎవరో మానుకున్న అపాయింట్‌మెంట్ మాకు దొరికింది.

ఈసారి నన్ను బయట కూర్చోమన్నారు. నా అనువాదంలో రెండు ముక్కల్లో తేలిపోయిన జబ్బుకి, ఆ అమ్మాయితో నలభై నిమిషాలు పట్టింది. తర్వాత డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. ఐదు నెలలుగా రక్తస్రావం అవుతోందట. నెలసరి ఆగిపోయిన ఇన్నేళ్ళకి అది రాకూడదు. గర్భసంచిలోంచి ముక్క తీసి పరీక్షకి పంపితేగాని క్యాన్సరో కాదో చెప్పలేం అంది. అనవసరంగా మూడు వారాలు పోయాయి అని కూడా అంది. ఆ మాట సమ్మెని అందనుకుంటే నాకు హాయిగా ఉండేది.

కారెక్కాం. సిగ్గు, దానిమీద భయం. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, "మోకాళ్ళ నొప్పులకి కూడా ఏమైనా రాసిందా?" అన్నాను.

అమ్మ సీటు బెల్టు పెట్టుకుంటూ నా వైపు చూసింది.

"నాకు మోకాళ్ళ నొప్పులేంట్రా? అలా అవుతుంటే దేవుడి దీపం దగ్గరికి ఎలా వెళ్తాను? అది నీతో ఎలా చెప్పను?"