తాతయ్య నాలుగు రోజుల సెలవు

మా తాతయ్యను నేను చూడలేదు. మా నాన్న కూడా చూడలేదు. గోదావరి మీద లాంచీ ఇంజను నడిపిన మనిషి కదా అని, యుద్ధకాలంలో నేవీ వాళ్లు ఆయన్ని ఓడ బాయిలరు గదిలో పనికి తీసుకున్నారట. మధ్యలో ఒకే ఒక్కసారి నాలుగు రోజుల సెలవు మీద కొత్తపేట వచ్చారు. తిరిగి వెళ్లేటప్పటికి నాన్న ఇంకా నాయనమ్మ కడుపులో ఉన్నాడు.

ఆ నాలుగు రోజుల్లో విన్న కబుర్లనే నాయనమ్మ అరవై ఏళ్లు చెప్పింది. తొంభైల్లో, నా చిన్నప్పుడు, జడ వేస్తూ చెప్పేది. పైకెక్కితే తప్ప పగలో రాత్రో తెలిసేది కాదట. తోటివాడు సొమ్మసిల్లితే అతని వంతు బొగ్గు కూడా తాతయ్యే వేశారట. నేను ఒక్క మాట మార్చి చెప్పినా జడ గుంజి మరీ సరిదిద్దేది.

తర్వాత టెలిగ్రాం వచ్చింది. ఓడ మునిగిందనీ, మనిషి కనబడటం లేదనీ బడిపంతులు చదివి చెప్పారట. పన్నెండేళ్లు చూసి, దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించెయ్యమని పెద్దలు పట్టుబట్టారు.

"కనబట్లేదన్నారు గానీ పోయేరన్లేదు కదండీ. ఆ కాయితం వచ్చేక చూద్దాంలెండి" అని నాయనమ్మ వాళ్లను గుమ్మంలోంచే పంపేసింది. బొట్టూ గాజులూ తీయలేదు. పేరంటాలకి పిలవడం మానేశారు. అది ఆవిడని బాధపెట్టేదని నాకు తెలుసు. పైకి మాత్రం "వాళ్ల శనగలు నాకెందుకే" అనేది.

రెండు వేల మూడులో మంచం పట్టింది. "నన్ను ముత్తైదువలాగే పంపాలే. ఎవరడ్డొచ్చినా ఊరుకోకు" అంది. సరేనని మాటిచ్చాను.

పోయిన రోజు అనుకున్నంతా అయింది. ఆవిడకి పసుపు రాస్తుంటే మా వీధి పెద్దాయన అడ్డుపడ్డారు.

"తప్పమ్మా. ఆయన పోయి అరవై ఏళ్లయ్యింది. శాస్త్రం ఒప్పుకోదు."

నాకు ఒళ్లు మండింది. "పోయేరని మీకెవరు చెప్పేరండీ? నాయనమ్మ చెప్పిందంతా మొదట్నుంచీ చెప్తాను, కూర్చోండి. అందులో ఆయన పోయింది ఎక్కడో మీరే చూపించండి" అన్నాను. పసుపు రాస్తున్న చెయ్యి మాత్రం ఆపలేదు.

ఆయన నన్ను వదిలేసి నాన్న వైపు తిరిగారు. నాన్న బళ్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు. తండ్రికి ఒక్క తద్దినమైనా పెట్టని కొడుకని ఊరంతా దెప్పినా, తల్లి కోసం నోరెత్తకుండా పడ్డాడు.

"నువ్వైనా చెప్పవోయ్" అన్నారు పెద్దాయన.

నాన్న లేచి, కుంకుమ భరిణె తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"తప్పయితే మా నాన్నగారొచ్చేక నన్నే అడుగుతారండి. పెట్టమ్మా, కాస్త పెద్దదే పెట్టు."