జీతం రాయని గడి

మా ఇంటావిడ పోయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. అది ఆదివారం. పొద్దున రెండు చెంచాల బార్లీ నీళ్ళు తాగింది. జ్వరం దిగలేదు. డాక్టరుగారు చూసి, నన్ను పెరట్లోకి పిలిచి, గుంటూరు తీసుకుపోయినా ఇక లాభం లేదన్నారు. పది దాటాక వీధి పిల్లలు వచ్చారు. ప్రతి ఆదివారం వచ్చేవాళ్ళే. వెనక్కి పంపబోతే వద్దంది. వసారా తలుపు తీయించి, అక్కడ వాళ్ళు పాత బావి గిలక తిప్పుతున్న చప్పుడు వింటూ పడుకుంది. మధ్యాహ్నం నన్ను పిలిచి, "ఆ గడి నింపారా?" అని అడిగింది. నింపానన్నాను. నింపలేదు. మూడు గంటలు దాటాక పోయింది.

గడి సంగతి చెప్పే ముందు వసారా సంగతి చెప్పాలి.

నరసరావుపేటలో మా వీధివాళ్ళు దాన్ని మ్యూజియం అనేవారు, మొదట్లో వేళాకోళానికి. కొండవీడు వెళ్ళినప్పుడల్లా ఆమె పాత కుండపెంకులు కొంగున కట్టుకొచ్చేది. పొరలు పొరలుగా విడిపోయే నాపరాయి, పాము కుబుసం, గింజ దగ్గర్నుంచి దారం దాకా పత్తి, పూడిపోయిన బావి తాలూకు గిలక. దేనికీ అద్దాల బీరువా లేదు. ముట్టుకోనియ్యని వస్తువు పిల్లలకు గోడతో సమానం అనేది. పగిలితే తిట్టేది కాదు. పగలగొట్టినవాళ్ళు ఇంకొకటి తేవాలి, అంతే.

ఒక పిల్ల కుండ పగలగొట్టి, మర్నాడు ఇంట్లో కుండ ఎత్తుకొచ్చింది. వెనకాలే వాళ్ళమ్మ వచ్చింది. "ఏమే, నా నీళ్ళకుండే దొరికిందటే నీ మూజియానికి?" అని కూతుర్ని కసిరి, మా ఇంటావిడ మొహం చూసి ఆగింది. తర్వాత గంటసేపు కూర్చుని అన్నీ తిప్పి తిప్పి చూసింది. కుండ వదిలేసి వెళ్ళింది.

వసారా చాలడం లేదని, ఊరి పిల్లలందరికీ పెద్ద చోటు కావాలని పట్టుబట్టింది ఆమే. పెద్దలు కొందరు సంఘంగా ఏర్పడ్డారు. జిన్ను మిల్లు షావుకారు తన ఖాళీ పత్తి గోడౌను రాసిస్తానన్నాడు. ఒకటే షరతు. నడిపే ఖర్చుకు మళ్ళీ తన గుమ్మం ఎక్కకూడదు. అది తన కాళ్ళమీద తాను నిలబడుతుందో లేదో తేల్చి రాసిమ్మని సంఘం నన్ను అడిగింది.

నా ఉద్యోగమే అది. ఇరవై ఏళ్ళుగా సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేస్తున్నాను. ఒక్క మనిషి ఉచితంగా చేసే చాకిరీ మీద నిలిచిన సంఘం కనిపిస్తే ఎర్రసిరాతో రాస్తాను, ఈయన తప్పుకుంటే గతేమిటని. నా ఇంట్లో అది రాయలేదు. గోడౌను ముందున్న రెండు కొట్ల అద్దె, ఇళ్ళవాళ్ళ నెల చందా ఆదాయం కింద వేశాను. ఊడ్పు, మరమ్మతులు ఖర్చు కింద వేశాను. చూసుకునే మనిషి జీతం దగ్గర గడి ఖాళీగా వదిలేశాను. ఆమె ఉండగా జీతం దేనికి? నెలకు నాలుగు రూపాయలు మిగులు తేలింది.

ఆమె కాగితం చూసింది.

"పదిహేను రూపాయలు వెయ్యండి."

"ఆడిటరు పెళ్ళాం జీతానికి కూర్చుందంటారు."

"నాక్కాదండీ, ఆ కుర్చీకి. నేను తీసుకోను, పెట్టెలో పడుంటయ్. రేపు నాకు జబ్బు చేస్తే ఎవురు కూచుంటారు?"

"నీకేం జబ్బు?" అన్నాను.

జ్వరం మొదలైన వారంలోనే ఆ కాగితాన్ని అలాగే సంఘానికి ఇచ్చాను. మెచ్చుకుని ఒప్పుకున్నారు.

పదకొండో రోజున షావుకారు పలకరించడానికి వచ్చాడు. "సోమవారం గాదు, ఆ పై సోమవారం రిజిస్ట్రీ పెట్టుకుందాం ఆడిటరుగారూ. అమ్మగారి పేరే పెడదాం. మీ లెక్క చానా గట్టిగుంది గదా," అన్నాడు. తల ఊపాను.

రొంపిచెర్ల నుంచి వచ్చి మా వీధిలో అద్దెకు ఉంటున్న క్రైస్తవ టీచరమ్మ ఒకరున్నారు. బడి ఉద్యోగం మానేశాక ఆదివారాలు ప్రార్థన ముగించుకుని మా ఇంటావిడకు సాయం వచ్చేవారు. మొన్న ఆదివారం కూడా వచ్చారు. గోడౌనులో మ్యూజియం మీరు చూసుకుంటారా అని అడిగాను. ఆమె దాపరికం లేకుండా చెప్పారు. "చేస్తానయ్యా, నాకిష్టమే. గానీ ఊరికే చెయ్యలేను. ముగ్గురు మనవళ్ళకు అన్నం పెట్టాల." మా ఇంటావిడ ఎప్పుడూ కూర్చునే పేముకుర్చీ చూపించి కూర్చోమన్నాను. ఆమె దాని పక్కన నేలమీద కూర్చుని పిల్లలకు పత్తికాయ విప్పి చూపించారు.

ఆ పదిహేనూ నా జీతంలోంచి ఇవ్వవచ్చు. నాలుగు రోజులు అదే ఆలోచించాను. అప్పుడు అది నేనున్నన్నాళ్ళు నిలుస్తుంది. చేసిన తప్పే మళ్ళీ చేసినట్టు. మా ఇంటావిడ పేరున్న పలక కింద ఆ తప్పు ఉండకూడదు.

ఇవాళ సాయంత్రం ఆ గడిలో పదిహేను రాశాను. నెలకు పదకొండు రూపాయల లోటు తేలింది. కొట్ల అద్దె పెంచినా పూర్తిగా తీరదు. షావుకారు వెనక్కి తగ్గవచ్చు. తగ్గితే ఊరికి గోడౌను లేదు, ఆమె కోరింది లేదు. తగ్గకుండా లోటుకు దారి చూపితే, ఆ కుర్చీలో ఎవరైనా కూర్చోగలరు.

సోమవారం రిజిస్ట్రీ. రేపు పొద్దున, మిల్లు కూత వెయ్యకముందే, ఈ కాగితం తీసుకుని షావుకారు ఇంటికి వెళతాను. లోటు మొదటి వరుసలోనే రాశాను. ముందు అదే చదివి వినిపిస్తాను.