తప్పులను దత్తత తీసుకున్న ఇంజినీరు

లోకంలో ఎక్కడ తప్పు జరిగినా అది తనదేననడం లావో తోంగ్‌కి ఉన్న ఒకే ఒక్క వ్యసనం. సిగరెట్ తాగడు, పేకాడడు. తప్పు కనిపిస్తే మాత్రం చెయ్యి దానంతటదే పైకి లేచేది.

ఆయన చివరిసారిగా చేసిన మామూలు పని కూడా అదే. చలికాలానికి క్యాబేజీ ఊరబెట్టుకునే రోజులు. మా క్వార్టర్స్‌లో అందరూ బస్తాలకు బస్తాలు తెచ్చి లిఫ్టులోకి తోస్తున్నారు. లిఫ్టు మూడో అంతస్తు దాటి ఆగిపోయింది. కింద జనం ఒకళ్ళ క్యాబేజీల వైపు ఒకళ్ళు అనుమానంగా చూసుకుంటుంటే లావో తోంగ్ ముందుకొచ్చాడు.

"నాదే తప్పు. పొద్దున నేనే ఎక్కువ బరువు ఎక్కించాను."

"నువ్వు ఈ ఏడు ఇంకా క్యాబేజీలే కొనలేదు కదయ్యా!" అంది పక్కింటావిడ.

"కొందామనుకున్నాను. ఆ ఆలోచన బరువే అయ్యుంటుంది."

అందరూ నవ్వారు. తగువు ఆగింది. మెకానిక్ వచ్చాడు. ఆ మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసిన లావో తోంగ్ మళ్ళీ లేవలేదు. వీలుండి ఉంటే దానిక్కూడా ఒక ఆత్మవిమర్శ పత్రం రాసి, నకలు పైఆఫీసుకి పంపి ఉండేవాడు.

ఆయనా నేనూ ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర చాలా ఏళ్ళు పనిచేశాం. చైనాకి సొంత జెట్ ఇంజిన్ తయారుచేయడం మా సంస్థ పని. తయారుచేయడం మాకెప్పుడూ కష్టం కాలేదు, చాలానే చేశాం. అవి తిరగడమే కష్టమైంది. ఇంజిన్ లోపలి బ్లేడు కరిగిపోయేంత వేడిలో బ్లేడు తిరుగుతూ ఉండాలి, కరగకూడదు. మంచుగడ్డను నూనె మూకుట్లో వేసి, కరక్కుండా దోరగా వేయించమన్నట్టు. విదేశాల వాళ్ళు ఇంజిన్ అమ్ముతారు, ఎలా చేశారో అమ్మరు. కుడుములు కొన్నంతమాత్రాన పిండి ఎలా కలిపాడో దుకాణంవాడు చెప్తాడా?

అయినా మాకు ధైర్యం మెండు. పరీక్ష మొదలుకాకముందే ఎర్రగుడ్డ మీద 'జాతీయ దినోత్సవానికి మా కానుక' అని బంగారు అక్షరాలు కుట్టించేవాళ్ళం. ఆ బ్యానరు ప్రతి సెప్టెంబరులో బయటికొచ్చేది, అక్టోబరు ఒకటిన పండగ దాటాక మడతపడి బీరువాలోకి వెళ్ళేది. దాని మీది సంవత్సరం అంకె మార్చడానికి కొత్త గుడ్డముక్క అతికేవాళ్ళు. మా సంస్థలో అన్ని పరీక్షలకూ తట్టుకుని నిలబడ్డ వస్తువు అదొక్కటే.

ఇంజిన్ పేలిన మర్నాడు సమీక్ష జరిగేది. డిజైన్ వాళ్ళు లోహం మంచిది కాదనేవారు. లోహంవాళ్ళు పోతపోసిన తీరు బాగోలేదనేవారు. పోతవాళ్ళు పరీక్షించినవాళ్ళని, పరీక్షించినవాళ్ళు ఇంధనాన్ని, ఇంధనంవాళ్ళు వాతావరణాన్ని చూపించేవారు. వాతావరణం తరఫున ఎవరూ హాజరయ్యేవాళ్ళు కాదు కాబట్టి కేసు అక్కడ నిలబడేది. అప్పుడు వెనక వరసలో ఒక చెయ్యి లేచేది.

"లావో తోంగ్, నువ్వు కూర్చో!" అనేవాడు డైరెక్టర్ పాంగ్.

"కూర్చుంటే తప్పు దాచినట్టవుతుంది, డైరెక్టర్ పాంగ్."

"పేలింది కంప్రెసరయ్యా! నీది దహన విభాగం!"

"కంప్రెసర్ పక్కనే కదండీ నా విభాగం. పొరుగువాణ్ణి పట్టించుకోకపోవడం తప్పు కాదా?"

తర్వాత ఆయన ఆత్మవిమర్శ చదివేవాడు. మేమందరం ఏడాదికోసారి ముక్కుతూ మూలుగుతూ రాసే పత్రం ఆయన చేతిలో కావ్యమయ్యేది. పశ్చాత్తాపం ఎక్కడ మొదలుపెట్టాలో, కన్నీరు ఎక్కడ తుడుచుకోవాలో, పార్టీ సెక్రటరీ ఎక్కడ తల ఊపాలో అన్నీ ఆయనకి తెలుసు. వినడానికి అకౌంట్స్ వాళ్ళు కుర్చీలు తెచ్చుకునేవారు. క్యాంటీన్ వంటవాడు సూపులో రెండుసార్లు ఉప్పు వేసిన రోజు ఈయన దగ్గరికే పరుగెత్తుకొచ్చాడు. ఈయన రాసిచ్చిన పత్రం విని పాంగ్ కరిగిపోయి, ఆ సూపే ఇంకో గిన్నె పోయించుకున్నాడు.

"అన్నా, నీకు సిగ్గనిపించదూ?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకు తమ్ముడూ? ఇంజిన్‌కి తండ్రులు కావాలని అందరూ క్యూ కట్టారు. తప్పులు పాపం అనాథలు. ఎవరో ఒకరు సాకొద్దూ?"

అది వేళాకోళమే అనుకున్నాను, జింగ్ యూలాన్ వ్యవహారం వచ్చేదాకా.

జింగ్ యూలాన్ బ్లేడ్ల ఎక్స్‌రే ఫిల్ములు చూసి, లోపల పగుళ్ళు లేవని సంతకం పెట్టే ఇంజినీరు. కొత్తగా చేరిన పిల్ల. ఆ సెప్టెంబరులో బ్యానరు గోడకెక్కిన రోజునే పరీక్షలో ఒక బ్లేడు విరిగి, మిగతావాటిని నమిలేసింది. పైనుంచి ఫోనొచ్చింది. పాంగ్ ముఖం ఊరబెట్టిన క్యాబేజీలా పాలిపోయింది.

"నాకు కారణాలొద్దు, పేరు కావాలి. ఆ పేరు గలవాళ్ళు రేపట్నించి ప్రెషర్ కుక్కర్లు చేస్తారు."

జీతాలకి డబ్బు సరిపోక మా సంస్థ పెట్టిన కుక్కర్ల విభాగం అది. అందులోకి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఇంజిన్ మొహం చూడరు.

యూలాన్ మెట్ల మీద ఒక్కతే కూర్చుంది. లావో తోంగ్ పక్కన చతికిలబడ్డాడు. నేను పైమెట్టు మీద నిలబడ్డాను.

"ఏం చూశావమ్మాయ్?"

"సన్నటి గీత, మాస్టారూ. ఫిల్ము మీద గీటేమో అనుకున్నాను."

"అలాంటి గీటు ఇంకెక్కడైనా చూశావా?"

ఆ పిల్ల చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూసింది.

"రెండో ఇంజిన్‌లో."

రెండో ఇంజిన్‌ని అప్పటికే విమానం రెక్కకి బిగించారు. వచ్చే వారం పైలట్లు దాన్ని ఎగరేయబోతున్నారు.

"అది చెప్తే నా పని అయిపోతుంది మాస్టారూ. మా నాన్న ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు, నా కూతురు విమానాలు చేస్తుందని."

"చెప్పుకోనీ. నువ్వేం చూశావో ఒక్క వెంట్రుక కూడా అటూ ఇటూ కాకుండా చెప్పు. కారణంలో మనం చెయ్యి పెట్టకూడదు. పేరు సంగతంటావా, అది నాకిచ్చెయ్. నా దగ్గర అలాంటివి చాలా ఉన్నాయి, ఒకటి ఎక్కువైతే ఏం?"

సమీక్షలో యూలాన్ లేచి రెండు గీతల సంగతీ చెప్పింది. వెనక వరసలో చెయ్యి లేచింది.

"ఆ పిల్ల నన్నడిగింది. గీటేలే అని నేనే అన్నాను."

"ఎప్పుడు అడిగింది?" అన్నాడు పాంగ్.

"పోయిన నెల."

"పోయిన నెలంతా నువ్వు కాలు విరిగి ఆసుపత్రిలో పడుకున్నావు!"

"ఫోన్లో అడిగింది."

"ఎక్స్‌రే ఫిల్ముని ఫోన్లో ఎలా చూశావయ్యా?"

"అదేనండీ నా తప్పు! చూడకుండా చెప్పేశాను."

పార్టీ సెక్రటరీ దగ్గు వచ్చినట్టు మొహానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పాంగ్ కలం తీసి ఆ పేరు రాసుకున్నాడు. ఆయనకి కావలసిన పేరు దొరికింది. అది అబద్ధమని ఆయనకీ తెలుసు, క్యాంటీన్ వంటవాడికీ తెలుసు. అయితే కాగితానికి తెలియదు కదా!

రెక్క కింది ఇంజిన్ దింపి విప్పారు. ఆ బ్లేడులో పగులు వేళ్ళూనుకుంటోంది. పైలట్లు ఆ వారం ఇంట్లో కూర్చుని టీవీ చూశారు. లావో తోంగ్ కుక్కర్ల విభాగానికి వెళ్ళాడు. అక్కడ మూతల తప్పులన్నీ తనవేనని ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. దాంతో ఎవరు ఏం పొరపాటు చేశారో వాళ్ళే వచ్చి చెప్పడం మొదలైంది. మా సంస్థ చరిత్రలో మొదటిసారి ప్రెషర్ కుక్కర్లు పేలడం మానేశాయి. జెట్ ఇంజిన్ల సంస్థని జనం కుక్కర్లకి మెచ్చుకుంటుంటే సిగ్గేసి, పాంగ్ ఆయన్ని వెనక్కి పిలిపించాడు.

ఆ తర్వాత మా గది ముందు రద్దీ పెరిగింది. పోతవాళ్ళు వచ్చారు, ఇంధనంవాళ్ళు వచ్చారు. ఒక సాయంత్రం సాక్షాత్తూ డైరెక్టర్ పాంగ్ కూడా తలుపు దగ్గరికి వేసుకుని, "లావో తోంగ్, పరీక్ష తేదీ ముందుకు జరిపించింది నేనే..." అని గొణిగాడు. ఒక్కొక్కరూ కారణం చెప్పి, పేరు అక్కడ వదిలేసి, తేలిగ్గా వెళ్ళేవారు. కారణాలు పోగయ్యేకొద్దీ ఇంజిన్లు ఎక్కువసేపు తిరగసాగాయి. చివరికి ఒకటి పరీక్షంతా పూర్తి చేసింది, అదీ నవంబరులో, ఏ పండగా లేని ఒక మంగళవారం. బ్యానరు పనికి రాలేదని పాంగ్ చాలా బాధపడ్డాడు.

లావో తోంగ్ అంత్యక్రియలయ్యాక మేం ముగ్గురం, అంటే పాంగూ, ఇప్పుడు బ్లేడ్ల విభాగానికి పెద్దయిన యూలానూ, నేనూ, వదినని చూడ్డానికి వెళ్ళాం. మేం వద్దంటున్నా వినకుండా ఆవిడ మాకు టీ పోసింది. యూలాన్ ఏడుస్తూ అంది:

"ఎవరి తప్పయినా తన నెత్తిన వేసుకునేవారమ్మా. ఇంట్లో మీకెంత హాయిగా ఉండేదో!"

వదిన కెటిల్ కింద పెట్టి మమ్మల్ని వింతగా చూసింది.

"ఎవరు, మా ఆయనా? తప్పు ఒప్పుకోవడమా?"

"మరి..."

"అన్నం మాడితే పొయ్యిది తప్పు. చదరంగంలో ఓడితే బల్ల ఒంకర. ఒక్కసారి, ఒక్కసారైనా 'నాదే' అంటాడేమోనని ముసలిదాన్నయ్యేదాకా చూశాను. వినే భాగ్యం లేదు!"

పాంగ్ తల గోక్కున్నాడు. "ఉన్నదంతా మా దగ్గరే ఖర్చు పెట్టేసినట్టున్నాడు వదినా."

"అంతెందుకు, పెళ్ళికి సగం పూట ఆలస్యంగా వచ్చాడు. మా నాన్న నిప్పులు చెరుగుతున్నాడు. ఏమన్నాడో తెలుసా? రైలు ఆలస్యమైందన్నాడు."

"నిజంగానే అయ్యుంటుందేమో వదినా," అన్నాను, మిత్రుడి తరఫున.

వదిన నవ్వాపుకోలేకపోయింది.

"మా ఊరికి అప్పటికింకా రైలే లేదు."