గోడవైపు తిరిగి వాయించేవాడు

మా హానా ఊళ్లో కిమోకియో ముఖం కన్నా అతని వీపు ఎక్కువమందికి తెలుసు. పెళ్లి విందైనా, బిడ్డకు ఏడాది నిండిన పండగైనా, గిటార్ చంకన పెట్టుకుని వచ్చి, కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చునేవాడు. అతని చొక్కాకు ఎడమ భుజం దగ్గర భార్య ఎసెటా వేసిన మాసిక ఒకటుండేది. మా తరంవాళ్లు ఆ మాసికను చూస్తూనే ప్రేమించుకున్నారు, పెళ్లాడారు, కొందరు విడిపోయారు కూడా.

కొత్తవాళ్లు అది పొగరనుకునేవారు. నిజానికి అది కాపలా. మా దీవుల పాతకాలపు పద్ధతిలో గిటార్ తీగలను అందరిలా బిగించరు. బిరడాలు తిప్పి, ఒక్కో తీగనూ తమకు కావలసినంత వదులు చేసుకుంటారు. ఏ తీగ ఎంత వదులన్నది ఆ ఇంటి సొత్తు. ఒకింటి శ్రుతిని ఇంకో ఇంటికి పొక్కనివ్వరు. వాయించడం అయ్యాక, గిటార్ కింద పెట్టేముందు, బిరడాలన్నీ అడ్డదిడ్డంగా తిప్పేసి తీగలను చెడగొట్టి మరీ పెడతారు. చూసేవాళ్లకూ ఒక మర్యాద ఉంది. పక్కవాడు శ్రుతి చేసుకుంటుంటే మంచివాడు తల తిప్పుకుంటాడు.

అందరూ మంచివాళ్లే ఉండరనుకోండి. హోసెయా అని ఇంకో వాయిద్యగాడు ఉండేవాడు. కిమోకియో శ్రుతి పట్టేద్దామని ఒక విందులో మామిడిచెట్టెక్కి కొమ్మల్లోంచి తొంగిచూశాడు. కొమ్మ విరిగి, తిన్నగా పందిని ఉడకబెడుతున్న గుంతలో పడ్డాడు. ఆ ఏడాదంతా ఊరి కుక్కలు ఆదివారం ప్రార్థనకు కూడా అతని వెంటే వెళ్లేవి. నమ్మకపోతే మానెయ్యండి. నన్ను చదివించిన సిస్టర్లు నిజం చెప్పమని నేర్పారు గాని, ఎంత చెప్పాలో కొలత నేర్పలేదు.

కిమోకియోకు ఆ శ్రుతి తండ్రి పెనియమినా దగ్గర నుంచి వచ్చింది. తండ్రీ కొడుకులిద్దరూ కౌపో పచ్చికల్లో గుర్రాలెక్కి పశువులను కాసినవాళ్లే. ఆ రోజుల్లో పశువులను సముద్రంలో ఈదించుకుంటూ ఓడదాకా తీసుకెళ్లేవారు. ఒకసారి ఓడ పక్కదాకా ఈదిన ఎద్దు ఒడ్డున పెనియమినా గిటార్ మోగడం విని, వెనక్కి తిరిగి ఈదుకుంటూ వచ్చేసిందట. ఆ ఎద్దును మళ్లీ ఎవరూ అమ్మలేకపోయారట. అది ముసలిదై చనిపోయిందని మా అమ్మ చెప్పేది.

పెనియమినా పోయేముందు కొడుకును దగ్గరికి పిలిచాడు.

"రక్తానికి తప్ప ఎవడికీ చూపించకురా."

"రేపు పెళ్లాం వస్తే?"

"పెళ్లాం చుట్టం. రక్తం కాదు."

ఆ పెళ్లాం కెఆనె నుంచి వచ్చింది. కెఆనె అంటే సముద్రంలోకి చొచ్చుకుపోయిన నల్లరాతి నేల, దాని మీద చేమ మడులు. ఎసెటాకు మోకాళ్ల దాకా బురద ఉండేది, గొంతులో మాత్రం ఒక్క మరక ఉండేది కాదు. పెళ్లయిన కొత్తలో కిమోకియోతో అంది, "నువ్వు వాయించు, నేను పాడతా. ఎదురుగా కూచుంటేనే కదయ్యా ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిసేది." అతను నవ్వి కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె కొన్నాళ్లు అడిగింది. తర్వాత ఆ వేళకు లోపలికెళ్లి పడుకోవడం అలవాటు చేసుకుంది.

పిల్లలు పుట్టలేదు. కిమోకియోకు తోడబుట్టినవాళ్లూ లేరు. మా దీవుల్లో బిడ్డను పెంపకానికివ్వడం, చేమ పిలకను పక్క మడిలో నాటినంత మామూలు సంగతి. ఎసెటా చెల్లెలు తనకు పుట్టిన ఆడపిల్లను ఇస్తానంది. ఎసెటా ఉయ్యాల కూడా కట్టింది. కిమోకియో ఆ రాత్రంతా ఆలోచించి, తెల్లారాక వద్దన్నాడు. పెంచుకుంటే ఆ పిల్ల తన కూతురవుతుంది. కూతురికి శ్రుతి ఇవ్వకుండా ఉండలేడు. ఇస్తే తండ్రికిచ్చిన మాట పోతుంది. ఆ పిల్లను చివరికి ఇంకెవరో పెంచుకున్నారు.

నేనప్పట్లో టపా లారీ నడిపేవాణ్ని. ఒకరోజు ఎసెటా, ఉడికిన చేమదుంపలను పోయ్ ముద్దగా దంచుకునే చెక్కా రాతి బండా లారీలో పెట్టించి, ముందు సీట్లోకొచ్చి కూర్చుంది.

"ఎక్కడికి వదినా?"

"పుట్టింటికి. మడులు కలుపు పట్టాయంట."

"ఎన్నాళ్లుంటావ్?"

"కలుపు అయ్యేదాకా."

"కలుపు ఎప్పటికైనా అయిపోద్దా వదినా?"

"అందుకేగా చెప్తున్నా."

కిమోకియో వరండాలో గోడవైపు కూర్చుని వాయిస్తున్నాడు. లారీ చప్పుడు విని కూడా తిరగలేదు. నేను ఇంజన్ ఆపి ఆగాను. పాట అయిపోయింది.

"ఇప్పుడు తీగలు చెడగొడతాడు చూడు," అంది ఎసెటా.

వరండాలోంచి తీగలు ఒక్కొక్కటీ మూలుగుతూ దిగిపోతున్న చప్పుడు వచ్చింది. ఆఖరి తీగ దాకా విని, "ఇంక పోనీ," అంది.

ఆ తర్వాత కిమోకియో పేరు దీవులన్నిటా పాకింది. హొనొలులు నుంచి ఒకాయన వచ్చి రికార్డు వేస్తానని పడవెక్కించి తీసుకెళ్లాడు. అక్కడ కూడా మనవాడు గోడవైపే కూర్చున్నాడట. మైకును చుట్టూ తిప్పి గోడకు ఆనించి పెట్టారట. ఒక పాట అయ్యాక ఆ పెద్దమనిషి మర్యాదగా, "ఈ శ్రుతిని ఏమంటారు కిమోకియోగారూ?" అని అడిగాడు. కిమోకియో బిరడాలు తిప్పేసి, టోపీ పెట్టుకుని, తిరుగు పడవెక్కాడు. వేసిన ఆ ఒక్క పాటలో కూడా గోడ మోతే ఎక్కువ వినిపించిందని చెప్పుకున్నారు.

హోటళ్లవాళ్లు పిలిచారు, వెళ్లలేదు. విందులకు మాత్రం వెళ్లేవాడు. వాయించి, తీగలు చెడగొట్టి, ఆకులో చుట్టిచ్చిన మాంసం పట్టుకుని ఒక్కడే ఇంటికి నడిచేవాడు. తోడు వాయించడానికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. తోడు వాయించాలంటే శ్రుతి కలపాలి కదా. చొక్కా పాతబడి చిరిగిపోయింది. కొత్త చొక్కాకు మాసిక లేదు. విందుల్లో అతని వీపు ఎవరిదో పరాయివాడి వీపులా కనిపించేది.

ఒకనాడు వరండాలో వాయించి, ఎప్పటిలాగే తీగలు చెడగొట్టి, గిటార్ గోడకు ఆనించి లేచాడు. లేచినవాడు లేచినట్టే పడిపోయాడు. పక్షవాతం. నాలుగు వారాలకో అయిదు వారాలకో మూతి కొంచెం వంకరతో, మాట కొంచెం ముద్దతో లేచి తిరగసాగాడు. వేళ్లకు దెబ్బ తగల్లేదు. అందరం దేవుడు చల్లగా చూశాడనుకున్నాం.

టపా ఇవ్వడానికి వెళ్లిన రోజు అతను గిటార్ ఒళ్లో పెట్టుకుని బిరడాలు తిప్పుతున్నాడు. నేను మర్యాదగా తల తిప్పుకున్నాను.

"చూడు, పర్లేదు. చూడ్డానికేం లేదు," అన్నాడు.

వేళ్లు తీగల మీద ఎప్పటిలాగే నడిచాయి. వచ్చిన మోత మాత్రం, తెలిసిన వీధిలో ఇళ్లన్నీ తారుమారైనట్టుంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ వాయించాడు. ఇంకా చెడింది.

"నాన్న శ్రుతి పోయిందిరా. చేతుల్లో ఉంది, చెవిలో లేదు. ఆ రోజు తీగలు చెడగొట్టకుండా పెట్టినా సరిపోయేది. గోడకు ఆనించిన గిటార్‌లోనే ఉండేది."

"ఎవరో ఒకరు విని ఉంటారుగా అన్నా. హోసెయాని అడుగుదామా?"

"వాడు చెట్టు మీంచి విన్నది కుక్కలకు చెప్పమను."

ఇద్దరికీ ఒకే పేరు తట్టింది. ఆ శ్రుతిని ఏళ్ల తరబడి, ప్రతి సాయంత్రమూ గోడ అవతల పడుకుని విన్న మనిషి ఒక్కతే. ఆ పేరు నేను చెప్పలేదు. అతనూ చెప్పలేదు. తర్వాతి ఆదివారం గిటార్ దుప్పట్లో చుట్టుకుని లారీ దగ్గర నిలబడ్డాడు.

కెఆనె దారిలో వంపులూ వంతెనలే ఎక్కువ, దారి తక్కువ. ఎసెటా ఇంటి ముందు కూర్చుని చెక్క మీద ఉడికిన చేమదుంపలు దంచుతోంది. తల పూర్తిగా నెరిసింది.

"ఏం మరిదీ, టపాతో పాటు పాత సామాను కూడా మోసుకొచ్చావా?"

"దించమంటావా వదినా, వెనక్కి తీసుకెళ్లనా?"

"కాళ్లున్నాయిగా, అదే దిగుద్దిలే."

కిమోకియో దిగాడు. అతని వంకర మూతి చూసి ఆమె చేతిలో బండ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ దంచసాగింది.

"ఎసెటా, నాన్న శ్రుతి పోయింది."

"పోతే? నేను రక్తం కాదుగా."

"నువ్వు విన్నావేమోనని..."

"వినకేం. కళ్లకు గోడ కట్టావు, చెవులకు కట్టడం మర్చిపోయావు." బండ పక్కన పెట్టి, చేతులు తడుపుకుని తుడుచుకుంది. "కుర్చీ తెచ్చుకో. అటు కాదు. ఇటు తిప్పు."

అతను కుర్చీ తిప్పి ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. నేను లారీ మెట్టు మీద కూర్చుని సముద్రం వైపు చూస్తున్నాను. ఆమె లావు తీగ స్వరాన్ని గొంతులో సన్నగా పట్టింది. అతను బిరడా తిప్పాడు.

"ఇంకా దిగాలి. ఇంకొంచెం. ఆగు, అంత తొందరేంటి, ఇన్నాళ్లూ లేని తొందర?"

ఒక్కో తీగా అలాగే పలికించింది. ఆఖరి తీగ దగ్గర కిమోకియో చెయ్యి ఆగింది. "ఇది కొంచెం తప్పుగా ఉన్నట్టుంది."

"మీ నాన్న కాలం నుంచీ అది తప్పే. అందమంతా అక్కడే ఉంది. తప్పుగానే ఉంచు."

అతను వాయించాడు. తెలిసిన వీధి తిరిగొచ్చింది, ఇళ్లన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. రెండో చరణంలో ఎసెటా పాడింది. మాటల్లేకుండా, గొంతుతోనే. ఆమె ఊపిరి తీసుకునే చోట అతని వేళ్లు ఆగి, ఆమె కోసం చూశాయి. పాట అయిపోయింది.

అప్పుడు కిమోకియో చెయ్యి దానంతటదే పైకి వెళ్లింది. బిరడాలు తిరిగాయి. తీగలు ఒక్కొక్కటీ మూలుగుతూ దిగిపోయాయి.

"ఇప్పుడెవరి దగ్గర దాస్తున్నావయ్యా?" అంది ఎసెటా.

అతను తన చేతిని పరాయివాడి చేతిని చూసినట్టు చూసుకున్నాడు. ఆమె చేతిలోకి బండ తీసుకుంది.

"మబ్బు పట్టింది. వంతెనల మీద జారుద్ది. తీసుకెళ్లు మరిదీ."

ఆ తర్వాత కూడా ఆదివారాలు వెళ్లాం. ప్రతిసారీ ఆమె గొంతులో పట్టేది, అతను తీగలు సరిచేసుకునేవాడు. వాయించేవాడు. లేచేముందు చెయ్యి పాత పనే చేసేది. ఆ శ్రుతి అతని చెవిలో వారం నిలిచేది కాదు. కావాలనే మర్చిపోతున్నాడని, అలాగైతే మళ్లీ వెళ్లొచ్చని హోసెయా అనేవాడు. నేను కాదనలేదు, అవుననలేదు. ఎసెటా మాత్రం హానా ఇంటికి తిరిగి రాలేదు. ఒకసారి కిమోకియో అడిగాడు. "కలుపు ఇంకా అవలేదు," అంది.

ఒక ఆదివారం ఎసెటా పడుకునే ఉంది. ఆఖరి తీగ దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు రాలేదు. వేలు కిందికి చూపించింది, ఇంకొంచెం అన్నట్టు. ఆ రోజు కిమోకియో బిరడాలు తిప్పే చేతిని చొక్కాలో దోపుకుని లేచాడు. శ్రుతి చెడకుండా గిటార్‌ను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని హానా తెచ్చుకున్నాడు. వంపు వంపుకూ, "మెల్లిగారా," అంటూనే ఉన్నాడు.

ఆ వారంలోనే ఎసెటా పోయింది.

కెఆనె రాతి చర్చిలో ప్రార్థన. తీరమంతటి నుంచీ వాయిద్యగాళ్లు వచ్చారు. కిమోకియో లేచి కుర్చీని జనంవైపు తిప్పి పెట్టుకున్నాడు. దుప్పటి విప్పి, గిటార్ మెడ ఎత్తి, తీగలు ఒక్కొక్కటే మెల్లిగా మీటాడు, అందరికీ కనబడేలా. బిరడాల మీద చెయ్యి పెట్టలేదు.

మొదట హోసెయా తల తిప్పుకున్నాడు. తర్వాత అతని పక్కవాడు. బల్ల వెంట బల్ల, వాయిద్యగాళ్లూ వాళ్లను చూసి జనమూ ఒకరి తర్వాత ఒకరు గోడవైపు తిరిగిపోయారు. కిమోకియో తన శ్రుతిని బయటపెట్టాడు, మర్యాద తెలిసినవాడు చూడకూడదు కదా.

కిమోకియో ముద్దమాటతో, "చూడండర్రా," అన్నాడు.

"పర్లేదన్నా," అన్నాడు హోసెయా గోడకేసి. "మేం చూడంలే."

కిమోకియో వాయించాడు. రెండో చరణంలో ఒకచోట ఆగాడు, ఎసెటా ఊపిరి తీసుకునే చోట. అక్కడ ఎవరూ పాడలేదు. అతని ఎదురుగా అన్నీ వీపులే. మళ్లీ ఎత్తుకుని చివరిదాకా వాయించి, గిటార్‌ను ఉన్నది ఉన్నట్టుగా బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. దాని దగ్గరికి ఎవరూ పోలేదు. చర్చి తలుపులు సముద్రంవైపు తెరిచే ఉంటాయి. ఆమెను పూడ్చి మేం తిరిగొచ్చేసరికి ఉప్పుగాలికి తీగలు వాటంతటవే దిగిపోయి ఉన్నాయి.

ఆ తర్వాత అతను ఆ గిటార్ ముట్టుకోలేదు. ఆ శ్రుతి నాకు తెలుసా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. చర్చిలో గోడవైపు తిరగనివాణ్ని నేనొక్కణ్నే మరి. తెలియదు. నేను అతని ముఖం చూస్తూ ఉండిపోయాను.