బైండింగులో ఉన్న మూడో భాగం

కోట్లు కుట్టే దుకాణంలో ముప్ఫై రెండేళ్లు బొత్తాలు కుట్టిన ఆవిడను వీధిలో అందరూ బొత్తాలమ్మ అనేవారు. ఆవిడ కుట్టిన బొత్తాం ఊడిందంటే కోటే చిరిగి ఉండాలి. మనిషీ పొట్టే, మాటా పొట్టే. ఒంటరిగా ఉండేది. చలికాలం వస్తే ఆవిడకు కావలసినవి రెండే: కాళ్ల మీదికి ఒక రగ్గు, చేతిలో ఒక లావుపాటి నవల. హత్యలు గిట్టవు. "చంపుకోవడాలు వద్దు బాబూ. ఎవరిదో పిల్లి తప్పిపోవాలి, ఆఖరికి దొరకాలి. అంతే," అనేది.

నాకు ఆవిడ పరిచయం గ్రంథాలయంలో. అక్కడ చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసేది నేనే. నా గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు కాబట్టి చెడ్డ సంగతే చెప్తాను. ఏ నవల మీదైనా మనసు పడితే, రిజిస్టరులో దానికెదురుగా 'బైండింగులో ఉంది' అని రాసి ఇంటికి పట్టుకుపోయేవాణ్ణి. ఎవరైనా వచ్చి అడిగినా, జిగురు ఆరలేదంటే మారు మాట్లాడకుండా వెళ్లిపోయేవారు.

ఆ ఏడు మా ఇద్దరికీ ఒకే నవల పట్టుకుంది. కొండ మీద చిన్న హోటలు నడుపుకునే అక్కచెల్లెళ్ల కథ, మూడు భాగాలు. మొదటి రెండూ బొత్తాలమ్మ చదివేసింది. మూడోది నా తలగడ పక్కన ఉంది.

భోజనమయ్యాక తలుపులు బిగించి, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, రాత్రికి నాలుగు పేజీలు చదివేవాణ్ణి. ఐదో పేజీ తిప్పేవాణ్ణి కాదు. అయిపోతుందేమోనని బెంగ. బయట చలిగాలి కొడుతుంటే ఆ హోటలు వంటింట్లో పొయ్యి దగ్గర నేనూ కూర్చున్నట్టే ఉండేది. "ఇంత సాగదీస్తారేం, జిలేబీ పాకమా?" అని మా ఆవిడ నవ్వేది.

బొత్తాలమ్మ ఆ భాగం కోసం వారం వారం వచ్చేది. ఒకసారి కౌంటరు మీదికి వంగి, "కాస్త తొందరగా చూడు బాబూ. నా చూపు పోతోంది. డాక్టరు కూడా చేతులెత్తేశాడు," అంది.

నేను నమ్మలేదు. పుస్తకం కోసం జనం చెప్పే సాకులు నాకు తెలియనివా? "కుట్టుపని సంగతి మీకు తెలియనిదేముందమ్మా, తొందరపడితే నిలవదు," అన్నాను. ఆవిడ పని పేరు చెప్పి ఆవిడనే బోల్తా కొట్టించాను. నిజమేనన్నట్టు తలూపి వెళ్లిపోయింది. ఆ రాత్రి కూడా నాలుగు పేజీలే చదివాను.

తరవాత మూడు వారాలు ఆవిడ రాలేదు. ఈలోగా నా చదువు పూర్తయింది. ఒక సాయంత్రం పుస్తకం పట్టుకుని ఆవిడ ఇంటికే వెళ్లాను. తలుపు తీసి, నా భుజం పక్కన ఎక్కడో చూస్తూ, "ఎవరూ?" అంది.

"గ్రంథాలయం నుంచి అమ్మా. మూడో భాగం తెచ్చాను."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. రెండు చేతులా అందుకుని, కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. మధ్యకు తెరిచి, కుట్టు వెంట వేలితో పైనుంచి కిందికి తడిమింది. ఇంకోచోట తెరిచి మళ్లీ తడిమింది.

"పాత దారమే బాబూ ఇది," అంది.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఇంకో అబద్ధమాడడానికి సిగ్గేసింది. "కుట్టలేదమ్మా. ఇంట్లో పెట్టుకుని చదువుకున్నాను," అన్నాను.

"ఎన్నాళ్లు?"

"రెండు నెలలు."

ఆవిడ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. ఆ రెండు నెలల్లో తనకు కళ్లు కనిపించిన రోజులే అయి ఉంటాయి. తిడుతుందని ఎదురుచూశాను, తిట్టినా బాగుండేది. పుస్తకం నా వైపు చాపి, "సరే, చదువు," అంది.

కుర్చీ లాక్కుని మొదలుపెట్టాను. రెండో పేజీలో చిన్న చెల్లెలు అతిథిగారి చెప్పులు దాచేస్తుంది. ఆ వాక్యం ఇంకా రాకముందే నాకు నవ్వొచ్చేసింది.

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "తెలిసినట్టు చదవకు బాబూ. నాకింకా తెలియదు కదా."