కాటా లెక్క, ఓడ లెక్క

తిరువూరులో వే బ్రిడ్జి దగ్గర తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. మా వైపు దాన్ని కాటా అంటారు. సరుకుతో వచ్చిన లారీని ప్లేటు మీదికి ఎక్కించి తూస్తే వచ్చేది గ్రాస్. సరుకు దించేసి ఖాళీగా వచ్చినప్పుడు తూస్తే టేర్. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది నెట్, అంటే అసలు సరుకు బరువు. ఈ మూడంకెలూ వేసిన స్లిప్పు చేతిలో పెడితే రైతూ, కొనేవాడూ ఇద్దరూ నోరు మూసుకుంటారు. అందుకని తూకాల సంగతిలో నాకు తెలియనిది లేదని నాకో పొగరు ఉండేది.

మా ఆయన సరుకు ఓడలో ఫిట్టరు. ఒకసారి ఎక్కితే మళ్ళీ ఇంటికొచ్చేది తొమ్మిది నెలలకే. పెళ్ళయిన కొత్తలో, మీ ఓడ ఎంత బరువు మోస్తుందండీ అని అడిగితే, యాభై ఆరు వేల టన్నులు అన్నారు. నేను అక్కడికక్కడే లెక్క వేశాను. మా కాటా మీదికి వచ్చే పెద్ద లారీలు రెండు వేల పైచిలుకు కావాలి. వరసగా నిలబెడితే గంపలగూడెం దాటిపోతాయేమో. నాకు ఆ రోజు ఆయన మీద గౌరవం ఒక మెట్టు పెరిగింది.

మా అత్తయ్య టన్నుల జోలికి పోదు. ప్రతి ఆదివారం చర్చిలో కొడుకు పేరుతో పాటు ఓడ పేరు కూడా చెప్పి ప్రార్థన చేయిస్తుంది. దాంతో మా సంఘంలో చిన్నపిల్లలకు కూడా ఆ ఇంగ్లీషు పేరు కంఠతా వచ్చు.

కిందటి పత్తి సీజన్లో ఒక ఆదివారం. పత్తి రోజుల్లో కాటాకి సెలవు ఉండదు. మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ అత్తయ్య ఫోన్ చేసింది.

"అమ్మాయ్, టీవీలో మనోడి ఓడ పేరు వేస్తున్నారు. తుఫానులో ఇంజిను ఆగిపోయి రాళ్ళకి కొట్టుకుందంట. లోపలికి నీళ్ళొస్తున్నాయంట."

ఒక లారీ స్లిప్పు ఇంకో డ్రైవరు చేతిలో పెట్టి లేచాను. రెండు రోజుల కిందట నేను పంపిన మెసేజీకి ఇంకా ఒకటే టిక్కు ఉంది. ఆయన్ని ఓడ ఎక్కించిన ఏజెంటు ఆఫీసుకి చేస్తే రింగయి ఆగిపోతోంది. ఆదివారం ఎవరుంటారు? స్కూటీ మీద ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు.

టీవీలో ఎప్పటివో ఉత్త అలలు చూపిస్తున్నారు. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. ఓడ పేరు అక్షరం పొల్లు పోకుండా మాదే. ఆ వెనకే, 'ముప్పై ఒక్క వేల గ్రాస్ టన్నుల సరుకు ఓడ' అని వచ్చింది.

ఆ గ్రాస్ అన్న మాట చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన ఓడలో సరుకే యాభై ఆరు వేలు. దాని మీద ఓడ సొంత బరువు కూడా కలిస్తే గ్రాస్ ఇంకా ఎంతో ఎక్కువ రావాలి. ఇక్కడ గ్రాసే ముప్పై ఒకటి. నెట్ కంటే గ్రాస్ తక్కువ చూపించే కాటా లోకంలో ఎక్కడా లేదు.

"ఇది మనది కాదత్తయ్యా" అన్నాను. "ఒకే పేరుతో ఓడలు ఎన్నో ఉంటాయని ఆయనే చెప్పారు. కావాలంటే చూడండి" అని పాత స్లిప్పు వెనక లెక్క వేసి చూపించాను.

ఆమె ఆ అంకెల వంక చూసి, "తూకాలు నీకు తెలియనివా" అంది.

ఈ లోపు సంఘంలో ఆడవాళ్ళ ఫోన్లు మొదలయ్యాయి. అందరికీ అదే లెక్క గడగడా అప్పజెప్పాను. సాయంత్రం ఐదింటికి మా ఇంట్లోనే కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకుందామని వాళ్ళే అనుకున్నారు. అత్తయ్య తర్వాత తింటానంది. నేను మాత్రం కోడికూర రెండోసారి వేసుకుని మరీ తిన్నాను.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కదా, సాయంత్రం వచ్చేవాళ్ళకి నా లెక్క కాగితం మీద రుజువు చేసి చూపించాలనిపించింది. మా ఆయన ట్రైనింగు నోట్సు బీరువాలోంచి తీశాను. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. మూడో పేజీలో, 'గ్రాస్ టనేజి, బరువు కాదు' అని రాసి కింద రెండు గీతలు గీసి ఉంది.

ఓడలో మూసి ఉన్న జాగా అంతా, సరుకు గదులు, ఇంజిను గది, మనుషులు ఉండే గదులు అన్నీ కొలిచి, ఒక సూత్రం ప్రకారం కట్టే అంకె అట అది. రేవుల్లో రుసుము దాన్ని బట్టే తీసుకుంటారట. నెట్ టనేజి అంటే ముఖ్యంగా సరుకు పట్టే జాగా, అదీ బరువు కాదు. ఈ మూడింట్లో బరువు చెప్పేది డెడ్‌వెయిట్ ఒక్కటే. ఓడ మోయగలిగిన సరుకు, ఆయిలు, మంచినీళ్ళు, మనుషులు, వాళ్ళ పెట్టెలు. కిందటి సెలవులో కాబోలు, ఆ పేజీ చివర తన ఓడ వివరాలు రాసుకున్నారు. డెడ్‌వెయిట్ యాభై ఆరు వేలు. గ్రాస్ ముప్పై ఒక్క వేల చిల్లర.

టీవీలో వేసిందీ అదే అంకె. 'వాళ్ళ పెట్టెలు' అన్న చోటే చూపు ఆగిపోయింది. ఆ పెట్టె సర్దింది నేను. ఉసిరికాయ పచ్చడి కారకుండా మూడు కవర్లు చుట్టి అడుగున పెట్టాను.

నా మీద నాకే మండిపోయింది. పెనుగొలను నుంచి పత్తి లారీ వస్తుంది, రెండు పక్కలా ఉబ్బి రోడ్డంతా తనదే అన్నట్టు. తూస్తే ఏమీ ఉండదు. కంకర లారీ సగం కూడా నిండినట్టు కనపడదు, ప్లేటు మూలుగుతుంది. జాగా వేరు, బరువు వేరు అని రోజూ కళ్ళారా చూసేదాన్ని నేను. గ్రాస్ అన్న ఒక్క మాట పట్టుకుని మనిషి ప్రాణానికి స్లిప్పు కొట్టి ఇచ్చేశాను.

ముందు గదిలో అత్తయ్య చాపలు పరుస్తోంది. చెప్పేద్దామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. భయంతో పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. చిన్న ఓడలు, పనామా కాలువలో పట్టేంతవి, సూయజ్ కాలువలో కూడా పట్టక ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయే మహా పెద్దవి, ఒక్కో రకానికి ఒక్కో పేరు. ఇంకో పేజీలో బొమ్మలు వేశారు. బొగ్గు, గింజలు మోసే ఓడకి పైన పెద్ద పెద్ద మూతలుంటాయి. తన ఓడకి మూతలు ఐదు, వాటి మధ్య సొంత క్రేన్లు నాలుగు. ఆయిలు మోసే ట్యాంకరుకి అలాంటి మూతలుండవు, డెక్కు పొడవునా గొట్టాలే ఉంటాయి.

అంటే ఆ ఓడ బొమ్మ ఒక్కసారి కనబడితే చాలు. నోట్సు ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. వాళ్ళు మాత్రం ఆ అలలే తిప్పి తిప్పి చూపిస్తున్నారు.

ఐదింటికి ఆడవాళ్ళు వచ్చారు. పాట అయింది. నేను టీవీ సౌండు తీసేశాను కానీ కట్టలేదు.

"ప్రార్థనకి కూర్చున్నాం, ఆ టీవీ కట్టెయ్యమ్మా" అంది ఒక పెద్దావిడ.

"కట్టనండి" అన్నాను. నా గొంతు నాకే పెళుసుగా వినిపించింది. ఆవిడ మొహం ముడుచుకుని కళ్ళు మూసుకుంది.

స్తుతి సగంలో ఉండగా బొమ్మ వచ్చింది, హెలికాప్టరులోంచి తీసింది. ఓడ ఒక పక్కకి ఒరిగి ఉంది. పైన మూతలు లేవు. నాలుగు క్రేన్లు లేవు. డెక్కు పొడవునా గొట్టాలు. పక్కన నోట్సు బొమ్మ పెట్టుకుని మళ్ళీ చూశాను.

"మనది కాదు" అని గట్టిగా అనేశాను.

అందరూ కళ్ళు తెరిచారు. "మధ్యాహ్నమే చెప్పావుగా అమ్మా?" అన్నారు. అప్పుడు ఒప్పుకున్నాను. మధ్యాహ్నం చెప్పిన లెక్క తప్పని, మూడు గంటలుగా నేనొక్కదాన్నే చచ్చి బతుకుతున్నానని చెప్పి ఏడ్చేశాను. ఇందాకటి పెద్దావిడే ముందు నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. అలిసిపోయింది కాబోలు అనుకున్నాను.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి ఫోన్లో రెండో టిక్కు పడింది. ఆ వెంటనే ఆయనే చేశారు. వాళ్ళ ఓడ అసలు ఆ సముద్రంలోనే లేదట, ఓడలో ఇంటర్నెట్టు పాడై రెండు రోజులైందట. నా గ్రాస్ కథ విని చాలాసేపు నవ్వారు.

"పేరు చూసి భయపడకు, గ్రాస్ చూసి ధైర్యపడకు" అన్నారు. "ప్రతి ఓడకీ ఏడంకెల నంబరుంటుంది. పేరు మారినా ఓనరు మారినా అది మారదు. రాసుకో."

గోడ క్యాలెండరు మీద పెద్దంకెల్లో రాసుకున్నాను. అత్తయ్యతో మాట్లాడించాను. నేల మీద నడుస్తున్నట్టు లేదు నాకు. ఇక చాలనుకుని టీవీ కట్టబోయాను.

"ఉండనీ" అంది అత్తయ్య.

ఏడు దాటాక కింద అక్షరాల్లో వచ్చింది, ఓడలోని ఇరవై ఇద్దరినీ క్షేమంగా దించారని. ఆమె నా చేత దాన్ని రెండుసార్లు చదివించుకుంది. అప్పుడు లేచి కాళ్ళు కడుక్కుని వచ్చింది.

"అన్నం పెట్టమ్మాయ్" అంది.

వంటింట్లోకి వెళ్ళి చూస్తే, మధ్యాహ్నం ఆమె వాటా అన్నం, కూర మూత పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"అదేంటత్తయ్యా, నా లెక్క అప్పుడే నమ్మలేదా?"

"ఎందుకు నమ్మలేదూ, నమ్మాను" అంది పీట మీద కూర్చుంటూ. "మనోడిది కాదంటే ఇంకెవరి పిల్లలో ఉన్నట్టేగా అందులో. ముద్ద దిగలేదు."

నేను తల వంచుకుని వేడి అన్నం వడ్డించాను. ఆ పూట ఆమె కూర రెండోసారి అడిగి వేయించుకుంది.