కొబ్బరి వెన్నకు తిరగమోత

షుగరు ఉందని డాక్టరు అన్నం, ఇడ్లీ మానమన్నప్పటి నుంచి నా పొద్దుటి టిఫిను కొబ్బరి వెన్న. ఎండుకొబ్బరి తురుమును నూనె ఊరి ముద్దయ్యేదాకా మిక్సీలో తిప్పి సీసాకెత్తుకునేవాణ్ణి. నోట్లో వేసుకుంటే మెల్లగా కరిగి, కమ్మగా గొంతు దిగేది. రెండు చెంచాలు తిని చెన్నై షోళింగనల్లూరులోని ఆఫీసుకు బయల్దేరితే మధ్యాహ్నం దాకా ఆకలి తెలిసేది కాదు.

అమ్మకు మాత్రం అది చూడబుద్ధయ్యేది కాదు. "తిరగమోత కూడా లేకండా ఉత్త కొబ్బెర తింటా ఉండావే, పావం," అనేది. మా ఇంట్లో కొబ్బరి రుబ్బామంటే అది పచ్చడే. తిరగమోత పడకుండా కంచం దాకా వచ్చే ప్రసక్తే లేదు.

ఒక ఆదివారం పొద్దున చూస్తే, వారానికని చేసిపెట్టుకున్న వెన్నంతా గిన్నెలో ఉంది. ఉప్పు కలిపి, పైన ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేయించి పోసింది అమ్మ. నాకు ఒళ్ళు మండింది.

"నా డైటు జోలికి ఎందుకొచ్చావు?" అని అరిచాను.

"ఆవాల్లో చక్కెర ఉండాదా ఏంది? సరి, తిని చూడు," అంది, ఏమాత్రం నొచ్చుకోకుండా.

కోపంగానే ఒక చెంచా తిన్నాను. తరవాత ఇంకొకటి. ఆ కమ్మదనానికి కారం తగిలేసరికి నా ఎడమచెయ్యి పళ్ళెం కోసం దానంతటదే తడుముకుంది.

అమ్మ ఆ చేతినే చూస్తోంది. ఆమె వెనక పొయ్యి మీద ఇడ్లీపాత్ర అప్పటికే ఆవిరి కక్కుతోంది.